మెట్రో, లోకల్, మెము: మీరెక్కిన ఊళ్ళ కబుర్లు రాయండి (బెజవాడ, గుంటూరు వాళ్ళకి)

బ్రాడీపేట నాలుగో లైను (గుంటూరు)

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మని మోకాళ్ళ డాక్టరుకి చూపించడానికి హైదరాబాద్ తీసుకెళ్తున్నాను. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి పంజాగుట్ట చేరాలి. క్యాబ్ ఎక్కితే ట్రాఫిక్‌లో గంటల తరబడి కూర్చోవాలి, ఆవిడకి నడుము పట్టేస్తుంది. అందుకే మెట్రో ఎక్కిద్దామని ఉంది. ఆవిడేమో "ఆ కదిలే మెట్లు నా వల్ల కాదు" అని ఇప్పటి నుంచే భీష్మించుకుని కూర్చుంది. పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

ఇంకోటి. మన బెజవాడకీ మెట్రో అంటున్నారు కదా. మీలో చాలామంది రకరకాల ఊళ్ళలో మెట్రోలూ లోకల్ రైళ్ళూ మెములూ (దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే కరెంటు పాసింజర్లు) ఎక్కినవాళ్ళే. ఆ అనుభవాలు కూడా ఇక్కడే రాయండి. వీడియోలు చాలా చూశాను, రోజూ ఎక్కి దిగినవాళ్ళ మాట కావాలి.

మియాపూర్ మజిలీ (హైదరాబాద్, సొంతూరు పొన్నూరు)

దారి తేలికేనండీ. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రోకి నడిచి వెళ్ళొచ్చు. వెస్ట్ అని ఇంకోటుంది, అది ఆకుపచ్చ లైను, అటు వెళ్ళకండి. ఈస్ట్‌లో నీలం లైను, రాయదుర్గం వైపు వెళ్ళేది ఎక్కండి. పరేడ్ గ్రౌండ్, ప్యారడైజ్, రసూల్‌పురా, ప్రకాశ్‌నగర్, బేగంపేట దాటాక అమీర్‌పేట వస్తుంది. అక్కడ దిగి ఎర్ర లైనుకి మారి, ఎల్బీనగర్ వైపు వెళ్తే మొదటి స్టేషనే పంజాగుట్ట.

అసలు పరీక్ష అమీర్‌పేటలో. రెండు లైన్లు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి. సాయంత్రం ఆఫీసులు వదిలాక అక్కడ కాలు పెట్టే చోటుండదు. మీరు దిగేది మధ్యాహ్నం కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. తిరుగు ప్రయాణం మాత్రం ఐదులోపు పెట్టుకోండి.

టికెట్ ఫోన్లోనే క్యూఆర్ రూపంలో తీసుకోవచ్చు. ఇద్దరివీ ఒకే ఫోన్లో ఉంటే ముందు అమ్మగారిది చూపించి ఆవిడని లోపలికి పంపండి, తర్వాత మీరు వెళ్ళండి. మీరు ముందు వెళ్ళిపోతే గేటు మూసుకుంటుంది, ఆవిడ అవతలే ఉండిపోతారు. దిగాక బయటికొచ్చే గేటు దగ్గర కూడా అదే చూపించాలి, ఆ మెసేజ్ చెరిపెయ్యకండి.

పటమట పిన్ని (విజయవాడ)

బాబూ, కదిలే మెట్ల విషయంలో మీ అమ్మగారి మాటే వినండి. నిరుడు మా అత్తగారిని తీసుకెళ్ళినప్పుడు చూశాను. ఒక చేత్తో కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుంది, రెండో చెయ్యి నా భుజం మీద. మెట్టు వస్తుంది, కాలు ఎత్తుతుంది, ఈలోపు ఆ మెట్టు వెళ్ళిపోతుంది. మళ్ళీ ఇంకోటి వస్తుంది, మళ్ళీ కాలు వెనక్కి తీసేస్తుంది. వెనక కుర్రాళ్ళు వరస కట్టారు, పాపం ఒక్కడూ విసుక్కోలేదు. చివరికి సెక్యూరిటీ అమ్మాయి వచ్చి "లిఫ్ట్ ఉంది కదమ్మా, ఇటు రండి" అని తీసుకెళ్ళింది.

లిఫ్టులో ఒక తిరకాసు ఉంది. రోడ్డు మీద నుంచి టికెట్ల అంతస్తు దాకా ఒక లిఫ్టు, గేటు దాటాక ప్లాట్‌ఫామ్ మీదికి ఇంకొకటి. రెండూ ఒకే చోట ఉండవు. మొదటిది దిగగానే రెండోది ఎటో అడిగి కదలండి, లేకపోతే ఆ పెద్ద హాల్లో ఆవిడ అటూ ఇటూ నడిచి అలిసిపోతారు. రోడ్డు మీది లిఫ్టు కూడా అన్నివైపులా ఉండదు, అది ఉన్నవైపే రోడ్డు దాటి వెళ్ళాలి.

రైల్లో ఆడవాళ్ళకి విడిగా చోటుంటుంది. పెద్దవాళ్ళ సీట్లో ఎవరైనా కూర్చునుంటే అడగడానికి మొహమాటపడకండి. చెవుల్లో వైర్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు గానీ తడితే లేస్తారు.

కృష్ణలంక కుర్రాడు (ఢిల్లీ నుంచి తిరిగొచ్చి బెజవాడలో)

సివిల్స్ కోచింగ్ కోసం ముఖర్జీనగర్‌లో ఉన్నప్పుడు నా బతుకంతా పసుపు లైను మీదే గడిచింది. జీటీబీ నగర్‌లో ఎక్కడం, రాజీవ్ చౌక్‌లో నీలం లైనుకి మారడం. రాజీవ్ చౌక్‌లో మనం నడవం, జనమే మనల్ని నడిపిస్తారు. తలుపు తెరుచుకోగానే దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఒకేసారి కదులుతారు. బ్యాగు ముందుకి తగిలించుకోవడం అక్కడే నేర్చుకున్నా.

ఆదివారం ఏపీ భవన్ క్యాంటీన్‌కి బయల్దేరితే మెట్రోలో మన మొహాలు ఇట్టే తెలిసిపోయేవి. ఎవరూ ఎవరికీ తెలియదు, దిగాక అందరూ ఒకే వైపు నడుస్తాం. "దర్వాజే బాయీ తరఫ్ ఖులేంగే" అన్న గొంతు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. హిందీ రాకుండా ఢిల్లీ వెళ్ళిన నాకు కుడి ఎడమలు నేర్పింది ఆ గొంతే.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. మెట్రోలో గంట ప్రయాణం చేసినా అలసట ఉండేది కాదు. స్టేషన్ దిగాక గదికి చేరే ఆ కాస్త దూరమే నరకం. మే నెలలో ఈ-రిక్షా కోసం బేరాలాడుతూ ఎండలో నిలబడితే, లోపల ఏసీలో కూర్చున్న సుఖమంతా హరీ.

డోంబివలి బావ (ముంబై, సొంతూరు మంగళగిరి)

మెట్రోలన్నీ ఏసీ గదులు తమ్ముళ్ళూ. రైలంటే లోకల్. 1925 ఫిబ్రవరి 3న వీటీ (విక్టోరియా టెర్మినస్) నుంచి కుర్లాకి దేశంలో మొదటి కరెంటు రైలు నడిచింది. నూరేళ్ళు దాటినా ఊరిని మోస్తున్నది అదే.

ముందు అర్థం చేసుకోవాల్సింది ఫాస్టు, స్లో. ఫాస్టు అన్ని స్టేషన్లలో ఆగదు. కొత్తగా వచ్చినవాడు బోర్డు చూడకుండా ఎక్కి, తను దిగాల్సిన స్టేషను కళ్ళముందే వెళ్ళిపోతుంటే నోరెళ్ళబెట్టి చూస్తాడు. ఇక తలుపు దగ్గర నిలబడ్డావంటే దిగే హక్కు నీ చేతుల్లో ఉండదు. పొద్దున దాదర్‌లో జనంతో పాటు దిగిపోవాల్సిందే. అందుకే ఎక్కగానే పక్కవాణ్ణి అడుగుతారు, నువ్వెక్కడ దిగుతావు అని. పరిచయం కోసం కాదు. వాడు నీకంటే ముందు దిగేవాడైతే వాడి వెనక చేరాలి, సీట్లో ఉన్నవాడైతే ఆ సీటు నీదని అప్పుడే రిజర్వు చేసుకోవాలి.

ముగ్గురు కూర్చునే బెంచీ మీద నాలుగోవాడికి చోటిస్తారు. సగం శరీరం గాల్లోనే ఉంటుంది, అయినా దాన్ని సీటనే అంటారు. ఆ నాలుగో సీటు ఇవ్వననేవాడు ఆ డబ్బాలో మళ్ళీ తలెత్తుకు తిరగలేడు. కల్యాణ్ వైపు బండ్లలో పొద్దున్నే తాళాలేసుకుంటూ భజన చేసే బృందాలుంటాయి, పేకాడేవాళ్ళూ ఉంటారు. ఆడవాళ్ళ డబ్బాలో కూరగాయలు తరుగుతారని మా ఆవిడ చెబుతుంది. ఇంటికెళ్ళేసరికి వంటకి సిద్ధం. 1992లోనే చర్చ్‌గేట్, బోరివలి మధ్య మొత్తం ఆడవాళ్ళకే ఒక రైలు మొదలైంది.

వానాకాలంలో పట్టాలు మునిగితే ఊరే ఆగిపోతుంది. ప్రమాదాలూ తక్కువేం కాదు, ఇదంతా గొప్పగా చెప్పుకునే విషయమని నేననను. కానీ రైలు పెట్టి ఊరుకోలేదు వీళ్ళు. స్టేషన్ బయటికి రాగానే బస్సు, షేర్ ఆటో, పక్కనే మార్కెట్. ఊరు స్టేషన్ చుట్టూ పెరిగింది. మన దగ్గర ఊరు పెరిగాక స్టేషన్ ఎక్కడ పెట్టాలా అని వెతుకుతున్నారు.

ఖరగ్‌పూర్ తెలుగోడు (మూడు తరాలుగా రైల్వే కుటుంబం, మూలం గుంటూరు)

ఢిల్లీ, ముంబై అయ్యాయి కదా, దేశంలో మొదటి మెట్రో మాటెత్తరేం? 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా నడిచింది మా కలకత్తా మెట్రో. ఢిల్లీ మెట్రో 2002లో వచ్చింది. రోడ్డుని పైనుంచి నిలువునా తవ్వి, పెట్టె కట్టి, మళ్ళీ కప్పేశారు. నగరం ఏళ్ళ తరబడి గుంతల్లో బతికిందని మా నాన్న చెప్పేవారు. ఇప్పటికీ దాన్ని నడిపేది రైల్వేయే, కంపెనీ కాదు.

అందరూ ఎక్కాల్సింది మాత్రం నది కింది లైను. 2024 మార్చిలో మొదలైంది. మద్రాసు మెయిల్లో హౌరా చేరి, సామాను భుజాన వేసుకుని అలాగే కిందికి దిగిపోవచ్చు. దిగుతూనే ఉంటాం. ఒక ఎస్కలేటర్ అయ్యాక ఇంకోటి, దాని తర్వాత మరోటి. దేశంలో బాగా లోతైన మెట్రో స్టేషన్లలో హౌరా ఒకటి. రైలు కదిలాక హుగ్లీ కింద 520 మీటర్ల సొరంగం, ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. నది కిందికి వచ్చామని తెలియడానికి గోడలకి నీలం దీపాలు పెట్టారు. లేకపోతే మామూలు చీకటే, తేడా తెలియదు. నీలం వెలుగు రాగానే బోగీ అంతా ఫోన్లు పైకి లేస్తాయి. నా పక్కనున్న ముసలాయన మాత్రం కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. మన వైపు రైలు గోదావరి వంతెన ఎక్కితే చిల్లర వేసి దణ్ణం పెడతారు కదా. ఇక్కడ కిటికీ తెరుచుకోదు, చిల్లర జేబులోనే.

పాత హౌరా వంతెన మీద బస్సులో ఎంతసేపు పడుతుందో తెలిసినవాళ్ళకే ఆ ముప్పావు నిమిషం విలువ తెలుస్తుంది.

జర్నల్ స్క్వేర్ (న్యూజెర్సీ, సొంతూరు చిలకలూరిపేట)

నది కింద రైలు మాకు రోజూ ఉన్నదే. న్యూజెర్సీ నుంచి న్యూయార్క్ వెళ్ళే పాత్ (PATH) రైలు 1908 నుంచి హడ్సన్ నది కింద నడుస్తోంది. జెర్సీ సిటీలో ఎక్కేవాళ్ళలో ఎంతమంది తెలుగువాళ్ళంటే, ఫోన్లో అత్తగారి గురించి మాట్లాడాలంటే భయం.

న్యూయార్క్ సబ్‌వే 1904లో మొదలైంది, రాత్రంతా నడుస్తుంది. పాత స్టేషన్లలో చాలావాటికి ఇప్పటికీ లిఫ్టు లేదు. పిల్లల బండి, సూట్‌కేసు, మోకాళ్ళ నొప్పి, ఈ మూడిట్లో ఏదున్నా ముందు మ్యాపులో చక్రాల కుర్చీ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. మా నాన్న వచ్చినప్పుడు ఆ గుర్తున్న స్టేషన్లలోనే దిగి, మిగిలిన దూరం నడిచేవాళ్ళం.

ఫ్రీమాంట్ నుంచి (కాలిఫోర్నియా, సొంతూరు ఉయ్యూరు)

రైల్వే అభిమానులకి ఒక ముచ్చట. మా బార్ట్ రైలు 1972లో మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు 1676 మిల్లీమీటర్లు, అంటే మన దేశంలో బ్రాడ్‌గేజ్ ఎంతో సరిగ్గా అంతే. అమెరికాలో మిగతా రైళ్ళన్నీ దాదాపు 1435. ఫ్రీమాంట్‌లో ప్లాట్‌ఫామ్ మీద నిలబడి పట్టాలు చూస్తే ఉయ్యూరు మనిషికి కాస్త ధైర్యం.

రిటైర్డ్ గార్డు (సత్యనారాయణపురం, విజయవాడ)

ఫ్రీమాంట్ బాబు చెప్పింది నిజం. ఇంకో మాట చేరుస్తాను. కలకత్తా పాత లైనూ, ఢిల్లీలో మొదట వేసిన ఎరుపు, పసుపు, నీలం లైన్లూ బ్రాడ్‌గేజే. తర్వాత కట్టిన హైదరాబాద్, చెన్నై, బెంగళూరు మెట్రోలన్నీ 1435. కరెంటు కూడా రెండు రకాలు. హైదరాబాద్, చెన్నై, ఢిల్లీల్లో మన రైళ్ళ మాదిరే పైన 25 వేల వోల్టుల తీగ. కలకత్తా, బెంగళూరుల్లో పట్టాల పక్కనే కరెంటు పారే మూడో పట్టా ఉంటుంది, 750 వోల్టులు. అందుకే అక్కడ ఫోను పట్టాల మీద పడితే దిగకూడదు. సిబ్బందిని పిలవాలి.

గేజు వేరు కాబట్టి మెట్రో రైలు మన స్టేషన్లోకి రాలేదు. మన మెము అక్కడికి వెళ్ళలేదు. ఇది చాలామందికి తెలియక "ఉన్న పట్టాల మీదే మెట్రో నడపొచ్చుగా" అంటుంటారు. ఉన్న పట్టాల మీద నడపగలిగింది లోకల్ రైలే, హైదరాబాద్‌లో 2003లో మొదలైన ఎంఎంటీఎస్ అదే.

మరి బెజవాడలో ఎందుకు కుదరలేదంటే, మన జంక్షన్ సంగతి చూడండి. వైజాగ్ వైపు, కాజీపేట వైపు, మద్రాసు వైపు, గుంటూరు వైపు, బందరు వైపు. ఐదు కాలవలు ఒకే తూము దగ్గర కలిసినట్టు ఉంటుంది. దూరాలు తిరిగే ఎక్స్‌ప్రెస్ ఆలస్యంగా వస్తే దానికి దారి ఇవ్వాలి, బొగ్గు ర్యాకు వస్తే అది లైను దిగేదాకా ఆగాలి. వెనకున్న పాసింజర్ ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, నిలబడుతుంది. డ్రైవరు తప్పూ కాదు, గార్డు తప్పూ కాదు. నన్ను ఎంతమంది తిట్టారో!

మెట్రో గొప్ప ఏసీలో లేదు. ఆ పట్టాల మీదికి వేరే ఏ బండీ రాదు, అదీ దాని గొప్ప. అందుకే నాలుగైదు నిమిషాలకొకటి పంపగలుగుతారు.

కృష్ణలంక కుర్రాడు

గార్డు గారూ, ఔటర్ గురించి ఇంత వివరంగా ఇన్నాళ్ళకి విన్నాను. రామవరప్పాడు దగ్గర బండి ఆగినప్పుడల్లా మా అమ్మ ఫోన్ చేసి "అన్నం పెట్టెయ్యనా" అని అడిగేది. "ఇంకా ఆగమ్మా" అనేవాణ్ణి.

ఏలూరు రోడ్డు షాపు (విజయవాడ)

అందరూ ఎక్కిన కబుర్లే చెబుతున్నారు. మా షాపు ముందు స్తంభాలు వేస్తే మా గతేంటో ఎవరూ మాట్లాడటంలేదు.

2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన ప్రకారం బెజవాడ మెట్రో మొదటి దశ 38.4 కిలోమీటర్లు. గన్నవరం నుంచి బస్టాండు దాకా ఒకటి, బస్టాండు నుంచి పెనమలూరు దాకా ఇంకొకటి. మొదటిది మా ఏలూరు రోడ్డు మీదుగా రావాలి. జూన్‌లో ఏలూరు రోడ్డు చూశారా ఎవరైనా? బడులు తెరిచే వారం పుస్తకాలకీ బ్యాగులకీ జనం వస్తే స్కూటర్ నిలపడానికి జానెడు చోటు దొరకదు. ఆ రోడ్డు మధ్యలో రేకులు పాతి, రెండువైపులా ఒక్కో బండికి సరిపడా వదిలితే ఎవడొస్తాడండీ? ఆన్‌లైన్లో కొనుక్కుంటాడు. అలా ఒకసారి పోయిన గిరాకీ మెట్రో వచ్చాక తిరిగొస్తుందని ఎవరైనా రాసిస్తారా?

హైదరాబాద్‌లో సుల్తాన్‌బజార్ వ్యాపారులు ఏళ్ళ తరబడి అభ్యంతరం చెప్పారు. చివరికి లైను అటునుంచే వెళ్ళింది, 2020 ఫిబ్రవరిలో రైలు నడిచింది. నేను మెట్రో వద్దనడంలేదు. పని ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ముగిస్తారో, ఏ ముక్క ముందు కడతారో రాసి అతికించమంటున్నాను. స్తంభం లేచాక మిగిలిన పని పైన జరుగుతుంది కదా, కింద రేకులు వెంటనే తీసెయ్యొచ్చు. తియ్యరు. అదీ మా భయం.

మియాపూర్ మజిలీ

మీ భయంలో న్యాయముందండీ. అమీర్‌పేటలో పనులు జరిగినన్నాళ్ళూ నేనూ ఆ దుమ్ములోనే కోచింగ్‌కి వెళ్ళాను. తర్వాత మాత్రం స్టేషన్ మెట్లు దిగే చోట ఉన్న షాపులు కళకళలాడాయి. రెండు స్టేషన్ల మధ్య పడ్డవాళ్ళకి ఆ లాభం అంతగా అందలేదు. మీ షాపు ఎక్కడ పడుతుందన్నదే తేల్చే విషయం.

సింగ్‌నగర్ ఆటో (విజయవాడ)

నేను ఆటో నడుపుతా. మెట్రో వస్తే ఆటోవాళ్ళు చచ్చిపోతారు అని అందరూ మా మీద జాలి చూపిస్తుంటారు. నాకేం భయం లేదు. బెంజ్ సర్కిల్‌లో దిగినోడు పటమట లోపలికి నడిచి వెళ్తాడా ఎండలో? మా ఆటోనే ఎక్కాలి. బస్టాండు నుంచి బెంజ్ సర్కిల్ దాకా బందరు రోడ్డు మీద సిగ్నళ్ళ దగ్గర కాలే డీజిల్‌కే మాకు మిగలడంలేదు. చిన్న చిన్న ట్రిప్పులు ఎక్కువ పడితే మాకే మేలు.

నేను అడిగేది ఒకటే. స్టేషన్ కింద ఆటోలకి గీత గీసి చోటిస్తారా? ఇవ్వకపోతే మెట్ల ముందే నిలబెడతాం. అప్పుడు పోలీసాయన చలానా, మీరు మా మీద పోస్టు.

డోంబివలి బావ

తమ్ముడూ, నువ్వు చెప్పింది మొత్తం ప్రాజెక్టు రిపోర్టుకన్నా నయం.

పటమట పిన్ని

ఆటో తమ్ముడి మాట సరే గానీ నాకింకో అనుమానం. 2025 ఆగస్టు 15 నుంచి మా ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచితం. ఆధార్ చూపిస్తే సిటీ బస్సులో పెనమలూరు నుంచి బస్టాండుకి రూపాయి ఖర్చులేదు. అదే రోడ్డు మీద డబ్బులిచ్చి మెట్రో ఎందుకెక్కుతాం? హైదరాబాద్ మెట్రోలో టికెట్టు మొదట 10 నుంచి 60 రూపాయలుండేది, 2025 మేలో 12 నుంచి 75 చేశారు, గొడవ అయ్యాక 10 శాతం తగ్గించారు. ఇంట్లో ఇద్దరు రోజూ తిరిగితే నెలకి ఎంతవుతుందో లెక్క వేసుకోండి. నేనైతే బస్సే ఎక్కుతా, ఖాళీ లేకపోతే నిలబడతా.

అయినా మెట్రో వద్దనను. మా అమ్మాయి కాలేజీ నుంచి చీకటి పడ్డాక వస్తుంది. బస్సు ఎప్పుడొస్తుందో తెలియక స్టాపులో నిలబడే ఆ టైమే నాకు టెన్షన్. ప్లాట్‌ఫామ్ మీద లైట్లు, కెమెరాలు, రైలు ఎన్ని నిమిషాల్లో వస్తుందో బోర్డు. ఆ బోర్డు కోసం డబ్బులివ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

అలెప్పీ టు ఆటోనగర్ (విజయవాడ, కొంతకాలం కొచ్చిలో)

హైదరాబాద్‌తో పోల్చుకోవడం ఆపి కొచ్చి చూడండి. 2017లో మొదలైంది, ఉన్నది ఒక్క లైనే, అంతా వంతెన మీదే. మన బెజవాడ లాంటి ఊరికి దగ్గరగా ఉండేది అదే. 2023లో వాళ్ళు పడవలు కూడా కలిపారు, వాటర్ మెట్రో అంటారు. బ్యాటరీతో నడిచే పడవ, ఏసీ, మెట్రో కార్డే అందులోనూ పనిచేస్తుంది. మనకి ఇంత కృష్ణ ఉండి పడవ అంటే భవానీ ద్వీపం పిక్నిక్కే.

రిటైర్డ్ గార్డు

పడవ మాట బాగుంది గానీ బాబూ, కొచ్చిది వెనక జలాలు, ఏడాదంతా దాదాపు ఒకే మట్టం. మనకి బ్యారేజీకి పైనొక మట్టం, కిందొక మట్టం. ఎండాకాలం బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెలే. వరదొస్తే గేట్లన్నీ ఎత్తేస్తారు. ఎగువన కొంత దూరం నడపొచ్చు, అంతే.

బ్రాడీపేట నాలుగో లైను

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ దండాలు. లిఫ్టు మాట చెప్పాక అమ్మ మెత్తబడింది.

కానీ ఒక గుంటూరువాడిగా నా బాధ చెప్పుకోనివ్వండి. 2014 విభజన చట్టంలో విజయవాడ, గుంటూరు, తెనాలి కలిపి మెట్రో పరిశీలించాలని రాశారు. మొదటి దశలో గుంటూరు ఊసే లేదు. పెనమలూరు దాకా వెళ్ళే రైలు మాకెందుకు? పొద్దున మా వీధి నుంచి ఎంతమంది బెజవాడ వెళ్తారో స్టేషన్‌కి వచ్చి చూడండి. వారధి మీద బస్సు ఇరుక్కుంటే అంతే సంగతులు.

తెనాలి ప్యాసింజర్ (తెనాలి)

గుంటూరు అన్నకి కోపం వచ్చింది, మాకైతే అలవాటైపోయింది. మ్యాపు తీసి చూడండి. విజయవాడ నుంచి మంగళగిరి, నంబూరు మీదుగా గుంటూరు. గుంటూరు నుంచి వేజెండ్ల, సంగం జాగర్లమూడి మీదుగా తెనాలి. తెనాలి నుంచి దుగ్గిరాల, కృష్ణా కెనాల్ మీదుగా మళ్ళీ విజయవాడ. ముక్కోణం తయారుగా ఉంది, కరెంటు తీగ ఉంది, గుంటూరు తెనాలి మధ్య రెండో లైను కూడా పడింది. ఈ ముక్కోణంలో అరగంటకో మెము తిప్పితే మాకు మెట్రో అక్కర్లేదు. దుగ్గిరాలలో పసుపు కొనేవాడు, తెనాలిలో పాలు పోసేవాడు, మంగళగిరిలో ఆసుపత్రికి వెళ్ళేవాడు అందరూ ఎక్కుతారు.

రిటైర్డ్ గార్డు

తెనాలి బాబూ, నా ఉద్యోగం అంతా ఈ ముక్కోణంలోనే గడిచింది. నీ కోరికలో తప్పులేదు. మెముకి రెండు చివర్లా డ్రైవింగ్ క్యాబ్ ఉంటుంది, కాబట్టి దిశ మారాల్సి వచ్చినా ఇంజను విప్పి తిప్పే పని లేదు. డ్రైవరు ఇటు నుంచి అటు నడిస్తే చాలు.

చిక్కంతా కృష్ణా కెనాల్ నుంచి విజయవాడ దాకా. గుంటూరు లైనూ తెనాలి లైనూ అక్కడే కలుస్తాయి, మద్రాసు, తిరుపతి బండ్లన్నీ అదే వంతెన దాటాలి. అరగంటకొకటి కావాలంటే ఆ ముక్క ఖాళీ కావాలి. 2024 అక్టోబరులో ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకి 57 కిలోమీటర్ల కొత్త లైను మంజూరైంది, కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెనతో. అది పూర్తయితే హైదరాబాద్, గుంటూరు వైపు బండ్లలో కొన్నైనా బెజవాడ తగలకుండా వెళ్ళిపోతాయి. నా లెక్కలో మీకు మెము దొరికే దారి అదే.

తెనాలి ప్యాసింజర్

అంటే అమరావతి వంతెన లేస్తే తెనాలికి బండి. బాగుంది గార్డు గారూ. అందాకా పొద్దున పాసింజర్లో నిలబడే వెళ్తాం. తలుపు దగ్గర పాల క్యాన్లు పెట్టేవాళ్ళు కాస్త పక్కకి జరిపితే అదే పదివేలు.

సింగ్‌నగర్ ఆటో

ఎవరూ చెప్పలేదు. గీత గీస్తారా గీయరా?

ఏలూరు రోడ్డు షాపు

గీస్తే మా షాపు ముందు గీయొద్దని చెప్పు తమ్ముడూ. ఉన్న జానెడు చోటూ అదే.